సంజన మొదటి ఆప్షన్

ఆలంపల్లి, వికారాబాద్
12 మే 2025

అన్నా,

ఉత్తరం చూసి పరేషాన్ కాకు. ఎవ్వరికి ఏం కాలే. మొన్న ఫోన్ల నేను రెండు మాటలు అనంగనే నువ్వు "గిరాకి ఉన్నరు" అని పెట్టేసినవ్. అంతకు ముందు నేను పెట్టేసిన. నా గొంతు వినపడంగనే నాన్న మాట్లాడాలని తండ్లాడుతడు, అది వినలేను. ఇగ ఫోన్లతోని అయ్యేటట్టు లేదని రాస్తున్న. మన పక్కింటి యాకోబు అన్న రోజూ తాండూరు నుంచి రైల్ల ఇక్కడి ఆఫీసుకు వస్తడు కద, ఆయన చేతికిస్త. నువ్వు గూడ ఆయనకే ఇయ్యి.

సంగతి ఏందంటే, నేను ఎంట్రెన్స్ రాసిన హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్లు ఇంటర్వ్యూకు పిలిచిండ్రు! నాలుగేండ్ల డిగ్రీ. ఫిజిక్స్‌ల రెండు తీర్లు ఉన్నయి. ఒకటి ఉత్త ఫిజిక్స్. ఇంకోటి బయలాజికల్ ఫిజిక్స్. బతికున్నదాని లోపల ఫిజిక్స్ ఎట్ల నడుస్తదో చెప్పేది. నరంల కరెంటు ఎట్ల ఉరుకుతది, గుండెల ఒక్క తాన మొదలైన కొట్టుకునుడు అంతట ఎట్ల పాకుతది, కణం గోడకెల్లి ఏది లోపలికి పోతది, ఏది బయటనే ఆగుతది, గిట్లాంటివి. నాది ఎంపీసీ, బయాలజీ పదో తరగతి కాడనే వదిలేసిన. అయినా పర్వాలేదంటున్నరు. ఏది మొదటి ఆప్షన్, ఏది రెండోది అని మనమే పెట్టాలె.

నాకు బయలాజికల్ దిక్కు మనసు గుంజుతున్నది. ఎందుకో చెప్పనీకి రాదు. ఇక్కడ చిన్నమ్మ ఇంట్ల ఒక్క తాన కూసోబుద్ధి అయితలేదు. పొద్దున్నే లేచి స్టేషన్ దాక నడిచి వస్తున్న. ఎవ్వరి కోసం పోతున్నవే అని చిన్నమ్మ అడుగుతది. ఎవ్వరి కోసం కాదు, రైళ్లు కదులుతుంటే చూస్త, గంతే.

నువ్వు రెండేండ్లు ఫిజిక్స్ చదివినవ్. ఇంట్ల తెలిసినోడివి నువ్వొక్కడివే. ఏది పెట్టమంటవ్? నాన్నకు గూడ నువ్వే చెప్పు. నేను చెప్తే ఏడుస్త.

నీ చెల్లె,
సంజు

*

తాండూరు
15 మే 2025

సంజూ,

యాకోబు అన్న నీ కవరు తెచ్చిచ్చి "లవ్ లెటరా ఏంది" అని అందరి ముందట అడిగిండు. దుకాణంల ఉన్నోళ్లంత నవ్విండ్రు. వచ్చేసారి కవరు మీద నీ పేరు పెద్దగ రాయి.

ఇంటర్వ్యూకు పిలిచిండ్రంటే మస్తు సంతోషం. అమ్మ చక్కెర నోట్ల వోసింది. ఇప్పుడు అడిగినవ్ గనుక చెప్తున్న, కోపం తెచ్చుకోకు. ఫిజిక్స్ పెట్టు. ఉత్త ఫిజిక్స్. దాని ముందట ఇంకో మాట తగిలించుడు నాకు నచ్చలే. గట్ల తగిలించిన చదువులల్ల అటు ఫిజిక్స్ వాళ్లు మావోడు కాదంటరు, ఇటు బయాలజీ వాళ్లు మావోడు కాదంటరు. రేపు ఎమ్మెస్సీకి పోతె ఎవ్వలు తీసుకుంటరు నిన్ను? అసలు ఫిజిక్స్ అంటే ఏంది? ఒక సూత్రం పట్టుకుంటే రాయికీ నడవాలె, సూర్యునికీ నడవాలె. కప్ప కాలుకు వేరే, చేప తోకకు వేరే అని ముక్కలు చేస్తే అదేం ఫిజిక్స్.

ఇంకో మాట. నువ్వు నరం అని రాయంగనే నాకు సమజ్ అయింది. నాన్నకు పక్షవాతం వచ్చి మాట పోయినకాడికెల్లి నువ్వు నరాలు, మెదడు, అని వీడియోలు చూస్తనే ఉన్నవ్. జాలితోని సబ్జెక్టు ఎంచుకోవద్దు చెల్లె. జాలి రెండో ఏడాదికి ఒడుస్తది, సబ్జెక్టు నాలుగేండ్లు మోయాలె.

నాన్నకు చెప్పిన. గీ తీరు చదువు ఉన్నది, సంజు గిది పెడ్తానంటున్నది అని మెల్లగ, ఒక్కొక్క ముక్క చెప్పిన. "వద్దు" అన్నడు. రెండుసార్లు అన్నడు.

ఎండలు దంచుతున్నయి. పాలిషింగ్ ఫ్యాక్టరీల దిక్కు నుంచి నాపరాయి దుమ్ము లేచి కందిపప్పు బస్తాల మీద తెల్లగ పడుతున్నది. పొద్దుందాక తుడుసుడే పని.

కౌశిక్

*

వికారాబాద్
18 మే 2025

అన్నా,

నాన్న వద్దన్నడా?

దేన్ని వద్దన్నడు? బయలాజికల్ వద్దనా, ఫిజిక్సే వద్దనా, నేను హైదరాబాద్ పోవుడే వద్దనా? నువ్వు అడగలేదా? నిన్నటిసంది అన్నం సయిస్తలేదు నాకు. పదో తరగతిల నాకు మార్కులొస్తే దుకాణం ముందట నిలబడి పోయేటోళ్లకు వచ్చేటోళ్లకు పేడాలు పంచిన మనిషి వద్దన్నడంటే ఎట్ల నమ్మాలె? అయినా నువ్వు రాసినవంటే నమ్మాలె.

నేను సిలబస్ మొత్తం తీసి చూసిన. మొదటి రెండేండ్లు రెండింటికీ ఒక్కటే. మెకానిక్స్, కరెంటు, అయస్కాంతాలు, వేడి, క్వాంటం, లెక్కలు. ఒక్క పేపరు గూడ తక్కువ లేదు. మూడో ఏడాది కాడ తొవ్వ చీలుతది. ఉత్త ఫిజిక్స్ వాళ్లు న్యూక్లియర్, ఘనపదార్థాలు ఎక్కువ చదువుతరు. బయలాజికల్ వాళ్లు నీళ్లల్ల కణాలు ఎట్ల ఊగిసలాడుతయి, ప్రోటీను పోగు దానంతటదే ఎట్ల మడతపడుతది, సూక్ష్మదర్శినిల కాంతితోని ఏమేం చేయొచ్చు, గవి చదువుతరు. కప్పకు వేరే సూత్రం ఎవ్వలు పెట్టలే. అదే సూత్రం కప్పకు గూడ ఎట్ల నడుస్తదని అడుగుతున్నరు. నువ్వు చదవకుండనే తీర్పు చెప్పినవ్.

జాలి అన్నవ్. సరే, జాలి ఉన్నది. ఉంటే తప్పేంది? నువ్వు గూడ ఏదో ఒకటి చూసి ఫిజిక్స్‌ల చేరినవ్ కద, ఊరికెనే చేరలే.

ఒక మాట రాయాల్నా వద్దా అని చింపి మల్ల రాస్తున్న. నువ్వు మధ్యల ఆపేసిన చదువు నాతోని పూర్తి చేపియ్యాలని చూస్తున్నవేమో అనిపిస్తున్నది. నేను నీ మిగిలిపోయిన ఏడాదిని కాదు అన్నా.

ఇంటర్వ్యూ జూన్ రెండో తారీఖు. చిన్నాయన తోలుకపోతడు. సర్టిఫికెట్లు ఇంట్ల బీరువాల ఉన్నయి, ఒకరోజు వచ్చి తీసుకపోత.

సంజన

*

తాండూరు
23 మే 2025

సంజనకు,

నీ ఇష్టం ఏది ఉంటే అది పెట్టుకో. నన్ను అడిగినవ్, చెప్పిన. మిగిలిపోయిన ఏడాది అన్నవ్ చూడు, ఆ మాట చదివినంక పప్పు కాటా మీద పోసి ఎంత పోసిన్నో చూడకుండ కట్టిచ్చిన. గిరాకే నవ్వి వాపసు తెచ్చిండు.

ఇంటికాడ ఇంకో లొల్లి. నీ ఉత్తరం అమ్మ చదివింది. బయలాజికల్ అన్న మాట పట్టుకొని నువ్వు డాక్టర్ చదువుతున్నవని వాడ మొత్తం చెప్పింది. నిన్న పొద్దున భాగమ్మ ఆమె మోకాలు ఎక్స్‌రే తెచ్చి నా ముందట పెట్టి, "పోరికి పంపు కౌశిక్, చూసి చెప్తది" అన్నది. నేను ఎక్స్‌రే ఎండకు పెట్టి చూసి, మంచిగనే ఉన్నది అని పంపిన. అమ్మకు నిజం చెప్పలే. ఆ మొఖం మీద నవ్వు చూసి మస్తు రోజులైంది. నువ్వే చెప్పుకో.

సర్టిఫికెట్లకు వచ్చే రోజు నేను ఉంటనో ఉండనో. బషీరాబాద్ దిక్కు కందుల కోసం తిరుగుతున్న.

కౌశిక్

*

వికారాబాద్
4 జూన్ 2025

అన్నా,

నేను ఇంటికి వచ్చిపోయిన. నువ్వు బషీరాబాద్ పోయినవని అమ్మ చెప్పింది. నిజంగనే పోయినవో, నా మొఖం చూడబుద్ధి కాక పోయినవో తెల్వదు.

నాన్న పక్కన కూసున్న. అమ్మ చాయ తెచ్చింది. "చాయ తాగుతవా" అంటే "వద్దు" అన్నడు. అని, కప్పు అందుకొని తాగిండు. "ఫ్యాన్ పెంచాల్నా" అంటే "వద్దు" అని స్విచ్చు దిక్కు చెయ్యి చూపెట్టిండు. మీ అందరికి రోజూ చూసి అలవాటైపోయిందేమో గాని, పోయిన నెలసంది నాన్న నోట్ల వస్తున్నది ఆ ఒక్క మాటే అన్నా! అవును అననీకి వద్దు, నీళ్లకు వద్దు, సంతోషానికి వద్దు. అమ్మకు తెలుసు, అందుకే ఆమె మాట ఇనదు, చెయ్యి చూస్తది. నువ్వు పొద్దుందాక దుకాణంల ఉంటవ్, నీకు తెల్వదా? తెలిసే రాసినవా?

నేను నాన్నతోని అన్న, "నాన్నా, నేను హైదరాబాద్ పోయి ఫిజిక్స్ చదువుత, బయలాజికల్ ఫిజిక్స్" అని. "వద్దు, వద్దు" అనుకుంట నా నెత్తి మీద చెయ్యి పెట్టి నిమిరిండు. అప్పుడు ఏడ్చిన. నీ మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

అమ్మకు గూడ చెప్పిన, నేను డాక్టర్ను కాను అని. "మరి ఏమైతవ్?" అన్నది. తెల్వదమ్మా అన్న. "భాగమ్మకు నేను చెప్తతీయ్" అని లేచి పోయింది. ఏమనుకున్నదో సమజ్ కాలే.

ఇంటర్వ్యూ మంచిగ కాలే. ముగ్గురు కూసున్నరు. నడుమ ఒక మేడం. "బయలాజికల్ ఎందుకు మొదట పెడ్దామనుకుంటున్నవ్" అన్నది. నేను నాన్న సంగతి చెప్పిన. మొత్తం విన్నది. నీళ్ల గ్లాసు నా దిక్కు జరిపి, "మీ నాన్నగారి గురించి చెప్పినవు. ఇప్పుడు ఫిజిక్స్ గురించి చెప్పు" అన్నది. కోపంతోని అనలే. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

తర్వాత ఒక ప్రశ్న అడిగింది. నీళ్లల్ల బాక్టీరియా తోక తిప్పుకుంట ఈదుతుంటది. ఒక్కసారి తోక తిప్పుడు ఆపేస్తే ఎంత దూరం జారుకుంట పోయి ఆగుతది? నేను చిన్నాయన బాయిల ఈత కొట్టుడు యాది చేసుకున్న. గోడను తన్ని చేతులు కాళ్లు ఆపినా జర దూరం పోతం కద. "దాని ఒడ్డు పొడుగుకు నాలుగైదింతలు పోతది మేడం" అన్న. ఆమె "ఇంటికి పోయి లెక్క చెయ్యి" అన్నది. గంతే. తప్పని నాకప్పుడే సమజ్ అయింది, ఎందుకు తప్పో మాత్రం ఇప్పటికీ తెల్వదు. రైల్ల వస్తున్నంత సేపు కాళ్లు ఊపుతనే ఉన్న, ఎదురుంగ కూసున్నామె "ఊపకు బిడ్డా" అనే దాక.

ఆప్షన్లు పెట్టుటకు జూన్ పదహారు ఆఖరు.

సంజన

*

తాండూరు
9 జూన్ 2025

సంజూ,

నాన్న "వద్దు" అన్న సంగతి ముందు రాస్త. వేరే వాటికి ఆ మాట వాడుతడని నాకు తెలుసు. అయితే ఆ రోజు నేను చెప్తుంటే నాన్న కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. అందుకే నిజంగనే వద్దన్నడనుకున్న. నువ్వు చెప్పినంక ఆలోచిస్తే, ఆ నీళ్లు దేనికో నాకేం తెలుసు? అమ్మ తీరుగ నేను గూడ చెయ్యి చూసి ఉండాల్సింది. నేను మాట మీద పడ్డ. ఇగ దాన్ని ఇడిచిపెట్టు.

ఇప్పుడు ఆ బాక్టీరియా. సంజూ, నువ్వు నన్ను ఏం చేసినవో నీకు తెల్వదు. నేను ముందు నవ్విన, నాలుగైదింతలు కాదు, ఒక పదింతలు పోతదేమో అనుకున్న. దుకాణంల కూసొని సుతిలి తాడు చుట్టుకుంట ఆలోచించిన. మనం ఇంటర్ ఫస్టియర్ల స్టోక్స్ సూత్రం అని బట్టీ కొట్టినం యాదికున్నదా? చిన్న గుండు నీళ్లల్ల కదులుతుంటే నీళ్లు దాన్ని ఎంత బలంగ అడ్డుకుంటయని? గది చాలు. అడ్డుకునే బలం గుండు అడ్డంతోని పెరుగుతది. బరువేమో అడ్డాన్ని అడ్డంతోనే మూడుసార్లు గుణిస్తే ఎంతో గట్ల పెరుగుతది. అంటే వస్తువు చిన్నగ అయిన కొద్దీ బరువు గబగబ పడిపోతది, అడ్డుకునుడు మాత్రం అంత జల్ది పడిపోదు. బాక్టీరియా అంత చిన్నగ అయ్యేవరకు బరువు లెక్కలకే రాదు.

పప్పు సంచి మీద కట్టే అట్టముక్క తీసుకొని లెక్క చేసిన. జవాబు చూసి సున్నలు తప్పు పెట్టిన్నేమో అని మల్ల చేసిన. మల్ల అదే వచ్చింది. అది జారుకుంట పోయే దూరం ఒక అణువు అడ్డం కంటే తక్కువ! దాని పొడుగుకు నాలుగింతలు ఎక్కడ, అణువు కంటే తక్కువ ఎక్కడ. తోక ఆగిందా, అక్కడ్నే ఆగింది. మన బాయిల ఈత దానికి పనికిరాదు. నీళ్లు దానికి నీళ్ల లెక్క ఉండవు, గట్టి తేనె లెక్క ఉంటయి. మన గిరాకి శంకరప్ప కాటా ముందట నిలబడి "ఏనప్పా, తూక మాడ్తియో ఇల్లో", తూకం వేస్తవా లేదా అని కన్నడంల ఒర్లుతుండు, నాకు ఇనబడుతలేదు.

ఎంత మంచి ప్రశ్న అడిగింది ఆ మేడం! ఆపితే అక్కడ్నే ఆగుతది. ముందు ఎంత జోరుమీద ఉన్నదనేది లెక్కల లేదు. ఎవ్వలు నూకరు. పోవాలంటే మల్ల అదే తోక కొట్టాలె. నాకు నిన్నటిసంది ఇదే ఆలోచన, నిద్ర పడుతలేదు.

అన్న
కౌశిక్

*

వికారాబాద్
13 జూన్ 2025

అన్నా,

నీ ఉత్తరం చదివిన. లెక్క సమజ్ అయింది. అయితే నేను లెక్క కంటే నువ్వు ఆఖరుకు రాసింది ఎక్కువ సార్లు చదివిన. "ఆపితే అక్కడ్నే ఆగుతది. ముందు ఎంత జోరుమీద ఉన్నదనేది లెక్కల లేదు. ఎవ్వలు నూకరు."

ఇది నీ గురించే కద అన్నా? క్లాసుల ఫస్టు ఉంటివి. నాన్న పడ్డడని రాత్రికి రాత్రి వచ్చి గల్లా మీద కూసున్నవ్. ఆ ఏడాది నిన్ను మల్ల చదువుకు పొమ్మని ఎవ్వలం అనలే. అమ్మ అనలే, నేను అనలే. నేను ఇంటర్ చదువుకుంట హాస్టల్ల హాయిగ ఉన్న. ఇంత బాధ పెట్టుకొని ఒక్కనాడు చెప్పలే, బాక్టీరియా పేరు పెట్టి చెప్పాల్సొచ్చిందా నీకు?

నేను ఆలోచించిన. చిన్నమ్మకు గూడ చెప్పలే. ఈ ఏడు నేను తాండూరు వస్త. దుకాణంల నేను కూసుంట. కంది, పెసర, శనగ నాకు తెల్వదా, సంచి ముడిచేది గూడ వస్తది. నువ్వు పోయి డిగ్రీ పూర్తి చెయ్యి. నేను మల్లేడు ఎంట్రెన్స్ రాస్త. యూనివర్సిటీకి ఫోన్ చేసి అడిగిన, సీటు ఏడాది ఆపి ఉంచుతరా అని. ఉంచరంట. అందుకే ఆప్షన్లు పెట్టలే. పదహారు దాటితే దానంతటదే పోతది, అప్పుడు నాకు గూడ మనసు నిలుస్తది.

కాదనకు.

సంజు

*

తాండూరు
14 జూన్ 2025

సంజూ,

ఇది యాకోబు అన్న రైలు ఎక్కే ముందట స్టేషన్ల నిలబడి రాస్తున్న. నీ ఫోన్ బంద్ ఉన్నది. చిన్నమ్మ ఎత్తుతలేదు. అన్నను నీ ఇంటి దాక పోయి నీ చేతిల పెట్టమన్న.

పిచ్చిదానా, నేను బాక్టీరియా గురించి రాసిన! నా గురించి రాయలే! నేను బాక్టీరియా అని రాస్తే దాని అర్థం బాక్టీరియానే. ఒక ప్రశ్నకు జవాబు దొరికిందని సంబురంతోని రాస్తే దాన్ని ఏడుపు చేసినవ్. నాకు నిద్ర పట్టలేదంటే లెక్క మంచిగ ఉన్నదని పట్టలే, బాధతోని కాదు. నా లోపల ఏమున్నదో తెలుసుకోవాలంటే నన్ను అడుగు, చెప్త, లేకుంటే చెప్ప. నువ్వు సీటు ఇడిచిపెట్టి నా కోసం గల్లా మీద కూసుంటే నేను ఆ డిగ్రీ కాయిదం మొఖం గూడ చూడ. నీ మీద ఒట్టు.

ఇయ్యాలనే కూసొని ఆప్షన్లు పెట్టు. బయలాజికలే మొదలు పెట్టు. అవును, నేనే అంటున్న. కప్పకు వేరే సూత్రం లేదని నువ్వు రాసింది నిజం. రాయికి నడిచే సూత్రమే బాక్టీరియాకు నడుస్తది, నడిచి మనం అనుకున్నదాన్ని తలకిందులు చేస్తది. ఇంతకంటే ఫిజిక్స్ ఏముంటది? జాలితోని పెడ్తున్నవో, దేంతోని పెడ్తున్నవో అని ఇగ నేను అడుగ.

రైలు వచ్చింది.

కౌశిక్

*

వికారాబాద్
3 జూలై 2025

అన్నా,

నువ్వు నవ్వొద్దు. బయలాజికల్ మొదలు పెట్టిన, ఫిజిక్స్ వచ్చింది. బయలాజికల్‌ల సీట్లు తక్కువ, ఇంటర్వ్యూల నా జవాబు నీకు తెలుసు. నువ్వు మే నెలల అడిగింది నువ్వు అడుగుడు మానేసినంక వచ్చింది.

ఇప్పుడు ఇంకో తిప్పలు. రెండో రౌండు ఉన్నది. ఉన్న సీటు చాలు అని ఖాయం చేసుకోవచ్చు. లేకుంటే బయలాజికల్ ఖాళీ అయితే నన్ను అటు మార్చండి అని పెట్టొచ్చు. మారిస్తే ఇగ ఫిజిక్స్ దిక్కు వాపసు రానియ్యరు. ఒకరోజు ఉన్నదే చాలు అనిపిస్తది. మేడం అడిగిన తీరు యాదికొస్తే కాదు అనిపిస్తది. ఆన పడితే అనంతగిరి గుట్ట దిక్కు మబ్బులు ఉరుకుతున్నయి, చూసుకుంట గేటు కాడ్నే నిలబడుతున్న, చిన్నమ్మ లోపలికి రమ్మని మొత్తుకుంటది.

అసలు సంగతి ఇది కాదు. నిన్న అమ్మతోని ఫోన్ల మాట్లాడితే వెనుక కాటా చప్పుడు వచ్చింది. "దుకాణంల ఉన్నవా" అంటే "ఊ" అన్నది. అన్న ఏడి అంటే, "పొద్దున పూట వాడు ఉంటలేడే" అని మాట మార్చింది. ఎక్కడికి పోతున్నవ్? నాన్నను ఏమన్న దవాఖానల పెట్టిండ్రా? నాకు చెప్పకుండ దాస్తున్నరా? నీకు ఏమన్న అయిందా? దాచుడు మన ఇంట్ల అందరికి అలవాటైంది. నీ ఉత్తరం రాకుంటే ఆదివారం బండెక్కి వస్త.

సంజు

*

తాండూరు
7 జూలై 2025

సంజూ,

ఎవ్వరినీ ఏ దవాఖానల పెట్టలే. నాన్న మంచిగున్నడు, పొద్దున ఇడ్లీలు తిని "వద్దు" అని ఇంకోటి వేయించుకున్నడు.

నేను కాలేజికి పోతున్న. ఇగ అయితే చెప్పాలె కద.

నువ్వు ఆప్షన్లు పెట్టినంక, నేను ఇదివరకు చదివిన కాలేజికి ఒకరోజు పోయి అడిగిన, ఆగినకాడికెల్లి చదువుతనని. సిలబస్ మారింది, పాత పేపర్లు పనికిరావన్నరు. బయటికొచ్చి బస్టాండుల చాయ తాగిన. పోనీ ఇడిచిపెడ్దాం అనుకున్న. అయినా కాళ్లు ఊకుంటలేవు. మొదటికెల్లి చదువుత అని తాండూరు డిగ్రీ కాలేజిల ఫస్టియర్‌ల చేరిన. ఫిజిక్స్, మ్యాథ్స్, కెమిస్ట్రీ. నా పక్కన కూసున్న పోరడు నీ ఈడోడు, నన్ను "సార్" అన్నడు. రెండోనాడు "అన్నా" అన్నడు. అదే నయం అనుకున్న.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు మల్ల నా కోసం ఏదో ఒకటి ఇడిచిపెడ్తవని భయం. ఇప్పుడు చెప్తున్న గనుక విను. ఇది నీ మీద జాలితోని కాదు, నీకు జోడీగ కాదు, నాన్న కోసం కాదు. నాకు నా కోసమే కావాలె.

పొద్దున అమ్మ కూసుంటున్నది గల్లా మీద. నేను అడగలే సంజూ, ఆమెనే అన్నది. "ఇన్నేండ్లు ఇంట్లకెల్లి చూసిన, నాకు రాదా" అన్నది. వచ్చింది. శంకరప్పతోని కన్నడంల బేరం ఆడుతున్నది! ఎప్పుడు నేర్చిందంటే నవ్వుతది. నాన్న పక్కన స్టూలు మీద కూసొని ఎడమ చెయ్యితోని సంచులు విప్పి పట్టుకుంటడు. నేను మధ్యాన్నం వచ్చేవరకు ఇద్దరు కలిసి సగం గిరాకి చేసి పెడుతున్నరు. డాక్టర్ కాదంట అని భాగమ్మకు అమ్మనే చెప్పింది. "మరి ఎక్స్‌రే చూసిందెవ్వలు?" అని భాగమ్మ నన్ను దొరకబట్టింది, తిట్లు నేను తిన్న.

రెండో రౌండు సంగతి. నేను చెప్ప. ఒకసారి చెప్పి చూసిన, మంచిగ కాలే. అయితే నీకు ఏ సీటు వస్తదా అని చూసుకుంట కూసోకు. ఏది వచ్చినా మొదటి రెండేండ్లు అదే మెకానిక్స్ అని నువ్వే రాసినవ్.

కౌశిక్

*

యూనివర్సిటీ హాస్టల్, హైదరాబాద్
17 ఆగస్టు 2025

అన్నా,

మార్చండి అని పెట్టిన. మార్చిండ్రు. ఇప్పుడు నేను బయలాజికల్ ఫిజిక్స్. ఇది నువ్వు ఫోన్ల విన్నదే, అయినా చేతితోని రాయాలనిపించింది.

మస్తు భయమైతున్నది. మా క్లాసుల సగం మంది బైపీసీ నుంచి వచ్చినోళ్లు. వాళ్లు కణం అనంగనే పది మాటలు చెప్తరు, నాకు ఒక్కటి రాదు. లెక్కలు వచ్చేవరకు వాళ్లు నా దిక్కు చూస్తరు. ఫిజిక్స్ వాళ్లతోని మెకానిక్స్ క్లాసు కలిసి ఉంటది, అక్కడ మమ్మల్ని "బయో" అని పిలుస్తరు. బయాలజీ వాళ్లు "ఫిజిక్స్" అంటరు. నువ్వు మే నెలల రాసింది అక్షరం తప్పకుండ అయితున్నది. రోజూ పొద్దున "తప్పు చేసిన్నా" అని లేస్త, సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చేవరకు మరిచిపోత. మల్ల పొద్దున అదే.

ఆ మేడం మాకు క్లాసుకు వస్తది. నన్ను గుర్తుపట్టలే. మంచిదే అయింది.

నువ్వు ఎట్లున్నవ్? కాలేజి, దుకాణం రెండూ చేసుకుంట సన్నబడ్డవని అమ్మ అంటున్నది. నిజం రాయి.

సంజు

*

తాండూరు
24 ఆగస్టు 2025

సంజూ,

సన్నబడలే. అమ్మకు నేను కండ్ల ముందట కనబడకుంటే సన్నబడ్డట్టే.

నువ్వు అడిగినవ్ గనుక నిజమే రాస్తున్న. మొదటి ఇంటర్నల్‌ల నాకు మ్యాథ్స్‌ల చాన తక్కువ వచ్చినయి. నా చెయ్యి తిరుగుతలేదు. ఒకప్పుడు కండ్లు మూసుకొని చేసిన లెక్కల కాడ ఆగిపోతున్న. సిగ్గయింది. ఒకరోజు పోలే. దుకాణంల అమ్మ నా దిక్కు చూసి, "నువ్విక్కడ ఎందుకున్నవ్, ఇది నా టైము" అన్నది. మల్ల పోయిన.

నీకు తప్పయిందో ఒప్పయిందో నాకు తెల్వదు. నాది గూడ తెల్వదు. వాళ్లు బయో అంటే పలుకు, వీళ్లు ఫిజిక్స్ అంటే పలుకు. ఇద్దరు పిలుస్తున్నరు కద.

నిన్న ఆన మస్తు పడ్డది. కంది బస్తాలు లోపలికి జరిపి, తడిసిన చేతులు తుడుసుకుంట ఉరికిన. క్లాసు ఎప్పుడో షురూ అయింది. సారు నన్ను తలుపు కాడ్నే ఆపి, "కౌశిక్, ఎందుకింత ఆలస్యం?" అన్నడు. "గిరాకి ఉండె సార్" అన్న. క్లాసు మొత్తం నవ్వింది. సారు నవ్విండు. నేను గూడ నవ్విన. పోయి రెండో బెంచీల కూసొని, పక్కోడిని ఏ పేజీ అని అడిగి, పుస్తకం తెరిచిన.

కౌశిక్